బండి అమ్మించకండి బాబాయ్‌గారూ, జాబ్ కార్డు రాయించండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఆరు నెలలు ఉండి వెళ్దామని నేనూ మా ఆవిడా అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. అబ్బాయికి సాఫ్ట్‌వేర్‌లో మంచి ఉద్యోగం. మూడేళ్ల కిందట 1986 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ ఒకటి కొన్నాడు. పైకప్పు లేపితే పడక అవుతుంది. లోపల పొయ్యి, ఫ్రిజ్, సింకు ఉన్నాయి. ఉన్నాయన్న మాటే గానీ, బండి ఇంతవరకు గరాజ్ దాటలేదు. శని, ఆదివారాలు దాని కిందే పడుకుంటాడు. ఇంజన్ దించి పక్కన పెట్టాడు. సీట్లు విప్పాడు, ఇప్పుడు డ్యాష్‌బోర్డు కూడా విప్పాడు. ఎంత ఖర్చయిందో చెప్పడు. కోడలు ఏమీ అనదు. నా చేతులకంటిన గ్రీజు నా కొడుక్కి అంటకూడదనే కదా చదివించాను! మొన్న హెడ్డు ప్యాకింగ్ గురించి ఒక మాట చెప్పబోతే, "నాన్నా, ఇది వేరే ఇంజన్, నీకు తెలీదు" అని ఫోన్‌లో వీడియో చూసుకున్నాడు. ఈ పిచ్చి మాన్పించి బండి అమ్మించేదెలా?
– ఒక తండ్రి

సమాధానం:

బాబాయ్‌గారూ, నమస్కారం.

ఉత్తరంలో ఖర్చు సంగతి రాశారు, గ్రీజు సంగతి రాశారు. కానీ మిమ్మల్ని గుచ్చింది ఆ "నీకు తెలీదు" అన్న మాటేనని చదివినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. ఉద్యోగమంతా బస్సుల హెడ్లు దించి ఎక్కించిన మనిషితో కొడుకు అనాల్సిన మాట కాదది. ఈ ముక్క అబ్బాయికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే కోపం పక్కన పెట్టి వింటే, అతనన్నదాంట్లో సగం నిజముంది. అది వేరే ఇంజనే. ముందు ఆ సంగతి చెబుతాను. అది తెలిస్తే బండి ఎక్కడ ఇరుక్కుపోయిందో మీరే పట్టుకోగలరు.

ఆ బండిని అమెరికాలో వ్యానగన్ అంటారు. హాలండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ కార్లు అమ్మే బెన్ పాన్ అనే ఆయన 1947లో నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీశాడు. ఆ బొమ్మలోంచి పుట్టిన వ్యాన్ 1950లో తయారవడం మొదలైంది. మీ అబ్బాయి దగ్గరున్నది అందులో మూడో తరం, 1979లో వచ్చింది. పైకప్పు లేచేలా చేయడం, పొయ్యి, ఫ్రిజ్ బిగించడం మాత్రం ఫోక్స్‌వ్యాగన్ పని కాదు. జర్మనీలోనే వీడెన్‌బ్రూక్ అనే ఊళ్లో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1950ల మొదట్నుంచీ ఆ పని చేసిపెట్టేది. అందుకే ఈ పిచ్చి ఉన్నవాళ్లు ముద్దుగా 'వెస్టీ' అంటారు. అమెరికాలో వ్యానగన్ అమ్మకాలు 1991 మోడల్‌తో ఆగిపోయాయి. అంటే ఎంత 'కొత్త' వ్యానగన్ దొరికినా దాని వయసు ముప్పై దాటిందన్నమాటే. అయినా జనం వీటిని వదలరు. మామూలు కారు పట్టే చోట పెట్టుకోవచ్చు, అందులోనే వండుకుని పడుకోవచ్చు, పానాలు పట్టడం వస్తే ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఈ బండ్ల విడిభాగాల మీదే బతికే కంపెనీలున్నాయంటే చూసుకోండి. నా దగ్గరా ఒకటుంది. కాబట్టి నా తీర్పులో కొంత పక్షపాతం ఉంటే సర్దుకుని చదవండి.

ఇప్పుడు ఇంజన్. మీ లేలాండ్ బస్సులో ఆరు సిలిండర్లు వరసగా నిలబడి ఉంటాయి, వాటి మూత, అంటే హెడ్డు, పైన ఉంటుంది. ఇందులో నాలుగే సిలిండర్లు. ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉంటాయి. హెడ్లు రెండు, చెరో పక్కన. మొదట్లో ఈ ఇంజన్ గాలితోనే చల్లబడేది. 1983లో దాదాపు అదే ఆకారానికి నీటి జాకెట్ తొడిగారు. మీవాడిది 1986 అంటున్నారు కాబట్టి 2.1 లీటర్ల రకం అయ్యుండాలి. చిక్కంతా ఆ జాకెట్ దగ్గరే. అందులో నీళ్లని ఆపేది మీకు అలవాటైన పెద్ద రేకు ప్యాకింగ్ కాదు. బ్లాకు అంచుకీ హెడ్డు అంచుకీ మధ్య చుట్టూ తిరిగే ఒక రబ్బరు ప్యాకింగ్. హెడ్డేమో అల్యూమినియం. ఇంజన్‌ని చల్లబరచడానికి నీళ్లలో కలిపే కూలెంట్ ఫాస్ఫేట్ ఉన్నది పోసినా, సరైన కూలెంటే పోసి ఏళ్ల తరబడి మార్చకపోయినా, ఆ అల్యూమినియం అంచుని తినేసి గుంటలు పెడుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. హెడ్డు మార్చాలి, లేదా గుంటలు వెల్డింగ్‌తో పూడ్చి మెషినింగ్ చేయించాలి.

కాబట్టి మీరు ప్యాకింగ్ మాట ఎత్తడం తప్పేం కాదు. ఈసారి ఇంకో మెట్టు ముందుకెళ్లి అడగండి. "హెడ్డు అంచు శుభ్రం చేసి చూశావా? గోరు పెట్టి గీస్తే ఎక్కడైనా తగులుకుంటోందా?" అనండి. అతను ఫోన్ పక్కన పెట్టి మీవైపు చూస్తాడు. ఆ వీడియోల్లో కెమెరా అంత దగ్గరికి పోదు, అక్కడ గోరే చెప్పాలి.

రెండో సంగతి కూలెంట్‌ది. రేడియేటర్ బండి ముక్కు దగ్గర, ఇంజన్ తోక దగ్గర. మధ్యలో బండి పొడవునా కింద పైపులు. మొత్తం పదహారు లీటర్ల పైమాటే పడుతుంది. ఇంజన్ ఎక్కించాక నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే సరిపోదు. గాలి ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలోకి పోతుంది, కష్టపడి వేసిన కొత్త ప్యాకింగ్ మొదటి రోజే పోతుంది. ముందు వైపు జాకీతో బాగా ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజన్ రేజ్ చేసి ఉంచి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండుగా నీళ్లు వచ్చేదాకా చూడాలి. డీజిల్ లైన్లో ఎయిర్ తీయడం మీకు చేతి మీద పని. ఇదీ అలాంటిదే, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఒకరు యాక్సిలరేటర్ మీద, ఒకరు స్క్రూ దగ్గర ఉండాలి. ఇద్దరు మనుషుల పనిని మీవాడు ఒక్కడే చేద్దామని కూర్చున్నాడు.

ఇక, ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసిన సంగతి. మీరు డీజిల్ మనిషి. డీజిల్ కింద ఒలికితే రంపప్పొట్టు చల్లి పని చేసుకుపోయే అలవాటు. ఇది పెట్రోల్ బండి, అందులోనూ ఫ్యూయల్ ఇంజెక్షన్. పంపు నడుస్తున్నంతసేపూ గొట్టాల్లో పెట్రోల్ ఒత్తిడి మీద ఉంటుంది. గొట్టం పగిలితే కారదు, చిమ్ముతుంది, అదీ సలసల కాగే ఇంజన్ మీద. నిప్పంటుకుని కాలిపోయిన వ్యానగన్లలో చాలావాటి కథ ఇదే. ఇంజన్ కిందికి దిగి ఉన్న ఈ రోజుల్లోనే ప్రతి గొట్టాన్నీ వేళ్లతో వంచి చూడండి. పైన సన్నటి పగుళ్లు కనిపించినా, క్లిప్పు దగ్గర రబ్బరు బిగుసుకుపోయి వంగనన్నా దాని పని అయిపోయింది. ఒక్కటి పోయిందంటే మిగతావీ అదే వయసువే. అన్నీ ఒకేసారి మార్చమనండి, ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పనికొచ్చేదని గొట్టం మీద అచ్చువేసి ఉన్నదే వేయమనండి. ఇంజన్ గదిలోకి గొట్టాలు దాటే చోట ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అవి కూడా పాతబడి పెళుసెక్కుతాయి. ఇది చవకైన పనే. పెయింటింగ్‌కి డబ్బుంచుకుని దీన్ని వాయిదా వేసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. మన షెడ్లకి నాలుగు వైపులా గాలి. అమెరికాలో చాలా ఇళ్లకి వేణ్నీళ్ల గ్యాస్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దాని కింద చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండొచ్చు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. మూల నున్న హీటర్ దాకా పాకితే ఇక చెప్పక్కర్లేదు. అందుకని పెట్రోల్ గొట్టం విప్పే పని గరాజ్ బయట, పగటిపూట పెట్టుకోవాలి. బయటికి లాగే వీలు లేకపోతే హీటర్ మంట ఆర్పి, తలుపు పూర్తిగా ఎత్తి చేయాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. బ్యాటరీ ఎక్కడా అని ఇంజన్ దగ్గర వెతక్కండి, ముందు ప్యాసింజర్ సీటు కింద ఉంటుంది. మంటలార్పే సిలిండర్ గుమ్మం దగ్గర వేలాడాలి, బండి వెనక అటకలో కాదు.

జాకీ సంగతి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. డిపోలో మీకు బండి కింద నిలబడి పని చేసుకునే గొయ్యి, పిట్టు, ఉండేది, అతనికి లేదు. సిమెంటు ఇటుకల మీద, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరనివ్వకండి. స్టాండ్లు వేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, ఒకసారి భుజంతో గట్టిగా తోసి చూశాకే కిందికి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు వద్దు. ఈ ఒక్క విషయంలో మీరు ఫోర్‌మన్‌లాగే గట్టిగా మాట్లాడొచ్చు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

పొయ్యికి గ్యాస్ ట్యాంకు బండి అడుగునే ఉంటుంది. కొన్నవాడు దాన్ని వెలిగించి చూపించాడా లేదా అన్నది అనవసరం. ప్రతి కీలు దగ్గరా సబ్బు నురగ రాసి చూడందే ముట్టించొద్దు. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. చలి వేస్తోందని పొయ్యి వెలిగించి పడుకునే అలవాటు అతనికి లేకుండా చూడండి.

ఇప్పుడు అసలు విషయం. మూడేళ్లయినా బండి ఎందుకు కదల్లేదు? చేతకాక కాదు. మీ డిపోలో ఉన్నది అతనికి లేకపోవడం వల్ల. రాత్రి బస్సు షెడ్డుకొస్తే డ్రైవర్ రాసిన కంప్లైంట్ చూసి, దానికే చేయిపెట్టి, తెల్లవారుజామున సర్వీసుకి పంపించేవాళ్లు. "ఈ బండి పొద్దున రోడ్డెక్కాలి" అనేవాడు ఒకడు నెత్తిన ఉండేవాడు. మీవాడికి అలా అనేవాడెవడూ లేడు. హెడ్డు కోసమో ఒక సీల్ కోసమో ఆర్డర్ పెట్టి రెండు వారాలు ఎదురుచూడాలి. ఆ శనివారం చేతులు ఊరుకోవు. సరే, ఈలోగా సీట్లు విప్పుదాం అంటాడు. సీట్లు విప్పితే కింద తుప్పు కనిపిస్తుంది. తుప్పు చూస్తుండగా ఒక వైరు తేడాగా కనిపిస్తుంది, డ్యాష్‌బోర్డు విప్పుతాడు. ఆర్డర్ పెట్టిన సీల్ వచ్చేసరికి ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయి ఉంటాడు. ఈ జబ్బు మీ అబ్బాయొక్కడిది కాదు, ఇంట్లో పాత బండి బాగుచేసే వాళ్లలో నూటికి తొంభైమందిది.

కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకుని అతనితో కూర్చుని జాబ్ కార్డు, అంటే బండికి చేయాల్సిన పనుల చీటీ, రాయించండి. మీరు రాయకండి, అతని చేతే రాయించండి. బండి కదలడానికీ ఆగడానికీ ఏమేం కావాలో అవి మాత్రమే అందులో ఉండాలి: ఇంజన్, కూలెంట్ పైపులు, పెట్రోల్ గొట్టాలు, బ్రేకులు, టైర్లు. పెయింటు, కర్టెన్లు, సోలార్ ప్యానెల్, ఫ్రిజ్ అన్నీ వేరే కాగితం మీద. ఆ రెండో కాగితం జోలికి బండి సొంతంగా వీధి చివరిదాకా వెళ్లొచ్చేవరకు పోకూడదు. కొత్తగా ఒక్క స్క్రూ కూడా విప్పకూడదు. డ్యాష్‌బోర్డు ఎలా ఉందో అలా తిరిగి బిగించేయమనండి, అందమైన పనులు తర్వాత. బోల్టులన్నీ ఇప్పటికే ఒక డబ్బాలో కలిసిపోయి ఉంటే, వాటిని వేరు చేసి సంచుల్లో వేసి చీటీలు పెట్టే పని మీరు తీసుకోండి. త్రెడ్డు చూసి ఏది ఎక్కడిదో సగం మీరే చెప్పేయగలరు.

బ్రేకులు తప్పకుండా ఆ మొదటి కాగితంలోనే ఉండాలి. మూడేళ్లు కదలని బండికి వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపించి లోపల ఉబ్బి ఉంటాయి. టైరు మీద బటన్లు కొత్తగా ఉన్నాయని మురిసిపోకండి. పక్కన అచ్చయిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. '2311' అని ఉంటే 2011లో తయారైందని. అలాంటిది తీసి పారేయడమే. కొత్తవి కొన్నా మామూలు కారు టైర్లు కొననివ్వకండి, ఈ బరువుకి వ్యాన్ల కోసం చేసిన టైర్లే కావాలి.

తుప్పు గురించి రెండే మాటలు. పోర్ట్‌లాండ్‌లో వానలు మొదలైతే నెలల తరబడి వదలవు. ఈ బండికి తుప్పు అద్దాల రబ్బరు కింద, రేకులు కలిసే అతుకుల్లో పడుతుంది. పెయింటు బుడగలా లేచిందంటే లోపల రేకు తినేసినట్టే. టింకరింగ్ పని ఎండలు కాసే నెలల్లో పెట్టుకోవాలి. ఈలోగా నీళ్లు లోపలికి రాకుండా రబ్బర్లు మార్చుకుంటే చాలు.

అమ్మించే సంగతికి వస్తాను. బాగా నడిచే, పైకప్పు లేచే వెస్టీకి అమెరికాలో మంచి ధరే ఉంది, ఇరవై వేల డాలర్లకి పైన పలికేవి చాలా ఉన్నాయి. ఇంజన్ పక్కన, డ్యాష్‌బోర్డు ఇంకోపక్క ఉన్నదాన్ని మాత్రం సామాన్ల లెక్కనే అడుగుతారు. అమ్మాలన్నా, ఉంచుకోవాలన్నా మొదట చేయాల్సింది ఒకటే: ఒక చోటికి చేర్చి నడిపించడం. కాబట్టి ఆ గొడవ ఇప్పుడు పెట్టుకోకండి. ఖర్చు ఎంతయిందో మీరు అడగొద్దు. అది భార్యాభర్తలు చూసుకోవాల్సిన లెక్క. కోడలు ఏమీ అనదంటున్నారు, దాన్ని ఇష్టం కింద జమకట్టకండి. తన కారు వానలో నిలబెట్టి ఎన్నాళ్లయిందో ఆ అమ్మాయికి తెలుసు. నెలకింత అని ఒక అంకె ఇద్దరూ కలిసి అనుకోమని అబ్బాయితో ఏకాంతంగా చెప్పండి, అంతకు మించి తలదూర్చకండి.

చదివించింది ఇందుకేనా అని బాధపడుతున్నారు. మీరు పానా పట్టింది ఇల్లు గడవడానికి. రాత్రి డ్యూటీ, చలి, పైవాళ్ల మాటలు అన్నీ దాంతోపాటు వచ్చాయి. అతనికి అవేవీ లేవు. వారమంతా స్క్రీన్ చూసి చూసి, చేత్తో పట్టుకోగలిగింది ఒకటి కావాలనిపించి అక్కడ పడుకుంటున్నాడు. తాగుడు కాదు, జూదం కాదు, ఇంట్లోనే ఉన్నాడు. అయినా మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, దాపరికం దేనికి? చెప్పాక మాత్రం ఆ విషయం మళ్లీ మళ్లీ ఎత్తకండి.

అతను ఫ్యాక్టరీ రిపేర్ మాన్యువల్ కొన్నాడో లేదో చూడండి. లేకపోతే కొనిపించండి. వీడియో చెప్పేవాడు బోల్టు ఎంత బిగించాలో చెప్పడం మర్చిపోవచ్చు, మాన్యువల్ మర్చిపోదు. అంకెలూ బొమ్మలూ మీకూ అర్థమవుతాయి. ఒక పేజీ తీసి, "దీన్ని నాకొకసారి వివరంగా చెప్పరా" అని అడగండి. మీరు నేర్పడానికి పోతే అతను ఫోన్ తీస్తున్నాడు కదా, ఈసారి నేర్చుకోవడానికి వెళ్లండి. కొడుకు దగ్గర నేర్చుకుంటే ఫోర్‌మన్ హోదా ఎక్కడికీ పోదు.

బండి తయారయ్యాక కాగితాలు చూసుకోమనండి. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల 1975, ఆ తర్వాతి మోడల్ బండ్లకి రెండేళ్లకోసారి పొగ పరీక్ష ఉంది, అది పాసైతేనే రిజిస్ట్రేషన్ రెన్యువల్. మొదటి రోజు వీధి చుట్టూ తిరిగి వచ్చి, ఇంజన్ మూత ఎత్తి పెట్రోల్ వాసన చూడండి. చల్లారాక కూలెంట్ ఎంత తగ్గిందో చూడండి. తర్వాత ఊళ్లోనే కొన్నాళ్లు. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు 26వ నంబర్ హైవే మీద క్యానన్ బీచ్‌కి, ఎనభై మైళ్లు. మొదటి ట్రిప్పుకే కొండల మీదున్న క్రేటర్ లేక్ అంటే ఒప్పుకోకండి. ఘాటు ఎక్కేటప్పుడు వెనక కార్లన్నీ దాటి వెళ్లిపోతాయి. అది బండి జబ్బు కాదు, తొంభై చిల్లర గుర్రాలతో ఇంత బరువు లాగాలి కదా. టెంపరేచర్ మీటరు మధ్యలో ఉన్న చిన్న లైటు దగ్గర ముల్లు నిలబడితే అంతా సవ్యమే. లైటు మినుకుమంటే పక్కకి తీసి ఆపేయాలి. టోయింగ్ మెంబర్‌షిప్ ఉంటే అది క్యాంపర్ వ్యాన్లకి కూడా వర్తిస్తుందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోమనండి.

పిన్నిగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, వెనక సీటుకి ఇంజన్ మోత దగ్గర. కానీ ఈ బండిలో ముందు సీట్లు చక్రాల మీద ఉంటాయి, ఎక్కడానికి ఎత్తు. మోకాళ్ల నొప్పులుంటే ఒక చిన్న పీట బండిలో పడేసుకోండి.